‘అన్నీ ఉన్నాయండి’ అనడం మానేశాక: బ్రాడీపేటలో ఒక పిండివంటల కొట్టు కేస్ స్టడీ

గుంటూరు బ్రాడీపేటలో ఒక చిన్న పిండివంటల కొట్టు ఉంది. భార్యాభర్తలిద్దరూ నడుపుతారు, సాయానికి ఒక అమ్మాయి. వెనక గదిలో పొయ్యి, ముందు పదడుగుల కౌంటర్. ఒకవైపు జంతికలు, చెక్కలు, చేగోడీలు, గవ్వలు, సున్నుండలు, అరిసెలు. ఇంకోవైపు ఆవకాయ, గోంగూర, పండుమిరప లాంటి నిల్వ పచ్చళ్ళు. కింది అరలో, దాదాపు నేలకు ఆనుకుని, పొడులు. సరుకు చాలా మంచిది. ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే సరుకు బాగాలేని కొట్టుకి నేను ఇక్కడ రాసేదేదీ పనికిరాదు.

నేను పదకొండేళ్ళు ఒక సరుకుల కంపెనీ సేల్స్‌లో పనిచేశాను. కిరాణా కొట్లలో మా సబ్బులు, బిస్కెట్లు ఏ అరలో, ఎంత ఎత్తులో, దేని పక్కన ఉండాలో చూసుకోవడమే ఉద్యోగం. ఇప్పుడు అదే పని చిన్న తిండి కొట్లకు చేస్తున్నాను. కిందటి శ్రావణం నుంచి కార్తీకం దాకా ఈ కొట్టులో ఏం చేశామో, ఏది ఫలించిందో, ఏది బెడిసికొట్టిందో రాస్తున్నాను. యజమానులు రాయమన్నారు, పేర్లు మాత్రం వద్దన్నారు. నేను వాళ్ళను పిన్నిగారు, బాబాయిగారు అని పిలుస్తాను. ఇక్కడా అలాగే రాస్తాను.

వాళ్ళు నన్ను పిలిచింది ఫ్లెక్సీ కోసం. దగ్గర్లో ఇంకో కొట్టు కొత్తగా తెరిచారు, దానికి లైట్ల బోర్డు ఉంది. “మనకీ ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టిద్దాం. ఇన్‌స్టాలో రెండు రీల్స్ కూడా పెట్టిద్దాం. బయట నలుగురికీ తెలియాలి కదా” అన్నారు బాబాయిగారు. కాదనలేదు గానీ, ఏ ఖర్చూ పెట్టకముందు మూడు రోజులు కొట్టులో ఊరికే కూర్చుంటానన్నాను.

మూడు రోజులు స్టూల్ మీద

గల్లాపెట్టె పక్కన ఒక స్టూల్ వేసుకుని, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాను. సోమ, మంగళ, బుధవారాలు ఎంచుకున్నాను. శ్రావణ శుక్రవారాలు కలిస్తే లెక్క పాడవుతుంది, ఆ రోజు ఎవరి కొట్టయినా నిండుగానే ఉంటుంది. బిల్లు ఎంతయిందన్నది నేను రాసుకోలేదు. ఒక్కో బిల్లులో ఎన్ని రకాలున్నాయి, తూస్తున్నంతసేపూ మనిషి ఎటు చూస్తున్నాడు, ఏం అడిగాడు, అదే రాసుకున్నాను.

మొదటి 100 బిల్లుల్లో 68 ఒకే రకం. పావుకేజీ జంతికలు, అయిపోయింది. అరకేజీ సున్నుండలు, అయిపోయింది.

రెండో రోజు సాయంత్రం ఒకావిడ వచ్చారు. జంతికలు అడిగారు. పిన్నిగారు తూస్తుంటే ఆవిడ కళ్ళు అరల మీద తిరుగుతున్నాయి. “ఇంకేమున్నాయండీ?” అన్నారు. పిన్నిగారు కాటా మీది నుంచి తల ఎత్తకుండానే “అన్నీ ఉన్నాయండి” అన్నారు. ఆవిడ ఒక్క క్షణం ఆగారు. “సరే, ఇవి చాల్లెండి” అని ఫోన్ తీసి స్కాన్ చేసి వెళ్ళిపోయారు. ఆ సమయంలో వెనక గదిలో కందిపొడి కొడుతున్నారు. వేయించిన కందిపప్పు, జీలకర్ర, ఎండుమిర్చి వాసన కొట్టంతా నిండి ఉంది. అదేం వాసనో ఆవిడకి ఒక్కరూ చెప్పలేదు.

ఆ మూడు సాయంత్రాల్లో “ఇంకేమున్నాయి?” అన్న మాట 23 సార్లు విన్నాను. 23 సార్లూ జవాబు ఒకటే. పిన్నిగారి తప్పేం లేదు. ఆవిడ దృష్టిలో అది గొప్ప జవాబు, తన కొట్టులో లేనిది లేదని. కానీ అడిగిన మనిషికి కావలసింది ఒక పేరు. పేరు చెబితే నోట్లో నీళ్ళూరతాయి. ‘అన్నీ’ అంటే ఏ రుచీ గుర్తుకు రాదు.

ఇంకో సంగతి. ఎక్కడా ధరలు రాసిలేవు. ఒక హాస్టల్ కుర్రాడు వచ్చి పొడుల వైపు వంగి చూశాడు, లేచాడు, మళ్ళీ చూశాడు, చివరికి ఐదు రూపాయల చిక్కీ కొనుక్కుని వెళ్ళాడు. అడిగి కొనకపోతే బాగోదన్న మొహమాటం మనవాళ్ళకి చాలా ఎక్కువ. ధర అడగడానికే జంకే మనిషి సరుకు ఎలా కొంటాడు?

నాలుగో రోజు పొద్దున బాబాయిగారికి నోట్‌బుక్ చూపించాను. “మీకు కావలసిన గిరాకీ రోడ్డు మీద లేదు బాబాయిగారూ. లోపలికొచ్చి, మీ ముందు నిలబడి, ఇంకేమున్నాయని అడుగుతోంది” అన్నాను. ఆయన కాసేపు ఆ 23 గీతల వైపే చూశారు. “ఫ్లెక్సీ తర్వాత చూద్దాంలే” అన్నారు.

కాటా పక్కన చోటు

కిరాణా కొట్లలో తిరిగిన అనుభవంతో నేను మొదట కళ్ళ ఎత్తులో ఉండే అర గురించే ఆలోచించాను. పొడుల్ని నేల మీది నుంచి పైకి తెచ్చి, అరకేజీ పచ్చడి సీసాల్ని కిందికి దించాం. ఆవకాయ కావలసినవాళ్ళు అది ఎక్కడున్నా అడిగి తీసుకుంటారు. పొడి అలా కాదు, కనబడితేనే గుర్తొస్తుంది.

అయితే నోట్‌బుక్‌లో ఇంకో విషయం పదే పదే కనబడింది. తూకం వేస్తున్నప్పుడు దాదాపు అందరి చూపూ కాటా అంకెల మీదే. 230, 245, 252. తూచి, కవర్‌లో పోసి, మూతి కట్టేలోపు అర నిమిషం పైనే పడుతుంది. అంతసేపు మనిషి కదలకుండా ఒకేచోట చూస్తుంటాడు. సూపర్ మార్కెట్‌లో బిల్లు కౌంటర్ దగ్గర చాక్లెట్లు పెట్టేది ఇలాంటి నిమిషం కోసమే. మన విడి సరుకు కొట్లలో ఆ నిమిషం కాటా దగ్గర ఉంది. ఈ కొట్టులో కాటా పక్కన ఏముందంటే, పాత బిల్లు పుస్తకాలు, పనిచేయని స్టేప్లర్, రబ్బరు బ్యాండ్ల డబ్బా. అవన్నీ తీసేసి ఒక చిన్న స్టీలు పళ్ళెం పెట్టాం. దాంట్లో ఒకే ఒక్క సరుకు, కందిపొడి చిన్న పొట్లాలు.

అంతకుముందు పొడి పావుకేజీకి తక్కువ కట్టేవారు కాదు. హాస్టల్ కుర్రాడికి పావుకేజీ ఎక్కువ, కొత్తగా కొనేవాళ్ళకి 120 రూపాయలు ఒక పరీక్ష. 100 గ్రాముల పొట్లం కట్టి 50 రూపాయలని పెద్ద అక్షరాలతో రాశాం. ముందే కట్టి పెట్టిన పొట్లమైతే తూకం, గరిష్ఠ చిల్లర ధర, కట్టిన తేదీ, కొట్టు చిరునామా లాంటి వివరాలు లేబుల్ మీద ఉండాలి, తూనికలు కొలతల శాఖ నిబంధన అది. లేబుల్ అచ్చు వేయించేటప్పుడే, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ళిచ్చిన 14 అంకెల నంబరు కూడా వేయించాం. ఆ సర్టిఫికెట్ అన్నాళ్ళూ దేవుడి పటం వెనక ఉండేది. దాన్ని కూడా కౌంటర్ ఎదురుగా తగిలించాం.

లైటు సంగతి క్లుప్తంగా చెబుతాను. పచ్చళ్ళ మీద నీలం పొడ కొట్టే తెల్ల ట్యూబ్ ఉండేది, దాని మీద 6500 కె అని రాసి ఉంటుంది. కె అంటే కెల్విన్, లైటు రంగు కొలత. దాని కింద పండుమిరప పచ్చడి కూడా పాలిపోయి కనబడేది. 3000 కె పసుపు బల్బులు రెండు పెట్టగానే ఎరుపు ఎరుపులా కనబడింది. కొట్టు పడమటి ముఖం కాబట్టి ఎండ పడే ముందు వరుసలో మాత్రం ఏమీ పెట్టనివ్వలేదు. వేడి, వెలుతురు తగిలితే నూనె సరుకు తొందరగా పాత నూనె కంపు కొడుతుంది. అందంగా కనబడాలని జంతికల్ని ఎండలో పెట్టే కొట్లు చూస్తే నాకు బాధగా ఉంటుంది.

పలక

బడి పిల్లల పలక ఒకటి, చాక్‌పీసులు కొన్నాం. కాటాకి ఎదురుగా గోడకి తగిలించాం. దాని మీద మూడు పేర్లకి మించి రాయకూడదని షరతు పెట్టాను. బాబాయిగారికి ఇది నచ్చలేదు. “నలభై రకాలు చేసి మూడు రాసుకోవడమేంటి?” అన్నారు.

ఆయనకి ఒక పాత పరిశోధన గురించి చెప్పాను. షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ అనే ఇద్దరు 2000లో ప్రచురించారు. కాలిఫోర్నియాలో ఒక దుకాణంలో జామ్ రుచి చూపించే బల్ల పెట్టారు. 24 రకాలు పెట్టినప్పుడు అటుగా వెళ్ళేవాళ్ళలో 60 శాతం ఆగారు, ఆగినవాళ్ళలో కొన్నది 3 శాతం. 6 రకాలే పెట్టినప్పుడు 40 శాతమే ఆగారు గానీ, వాళ్ళలో 30 శాతం కొన్నారు. తర్వాత వేరేవాళ్ళు చేసిన ప్రయోగాల్లో అన్నిచోట్లా ఇలాగే రాలేదు. కాబట్టి దాన్ని వేదంలా పట్టుకోమని చెప్పలేదు, మన కొట్టులో రెండు వారాలు చూద్దామన్నాను. రకాలు తగ్గించమనలేదు కదా, నోటితో చెప్పేవి, పలక మీద రాసేవి తగ్గిద్దామన్నాను. ఒప్పుకున్నారు.

పలక రాసే పని ఆ అమ్మాయికి అప్పగించాం. గుండ్రటి అక్షరాలు. ‘ఈ రోజు చేసినవి: కందిపొడి, సున్నుండలు, చెక్కలు.’ మొదటి రెండు రోజులు అద్భుతంగా ఉంది. వచ్చినవాళ్ళు పలక చదివి దాంట్లోదే అడిగారు.

నాలుగో రోజు దెబ్బ తగిలింది. రిటైరైన మాస్టారొకరు ఎప్పటినుంచో ఖాతా. సున్నుండలు తీసుకెళ్ళి, ఇంటికెళ్ళి, తిరిగొచ్చారు. గొడవేం చేయలేదు. పలక వైపు చూపించి, “అమ్మాయ్, ఈ మాట మొన్నటిది కదూ?” అన్నారు, అంతే. నిజమే. సున్నుండలు చేసింది మొన్న, పలక తుడవడం అందరూ మర్చిపోయారు. ఆ సున్నుండలు పాడవలేదు, ఇంకో వారం నిక్షేపంగా ఉంటాయి. కానీ ఆయన బాధ రుచి గురించి కాదు. ఇన్నేళ్ళు ఏ బోర్డూ లేకుండా నమ్మిన మనిషికి మేం రాసి మరీ తప్పు చెప్పాం. పిన్నిగారు ఆ రాత్రి పలక తీసేయమన్నారు. “నాకీ రాతలు వద్దమ్మా. నా మాట పోతే నాకేం మిగులుతుంది?” అన్నారు.

తప్పు నాది. పలక పెట్టించాను గానీ దాన్ని ఎవరు, ఎప్పుడు తుడవాలో చెప్పలేదు. కంపెనీలో ఉన్నప్పుడు ఎక్స్‌పైరీ దాటిన పోస్టర్ ఉంటే నన్ను మేనేజర్ నిలదీసేవాడు, ఇక్కడ అలాంటి ఏర్పాటు నేనే చేయాలి. మర్నాడు పద్ధతి మార్చాం. ‘ఈ రోజు’ అన్న మాట తీసేసి వారం పేరు రాయడం మొదలుపెట్టాం. ‘సోమవారం కొట్టిన కందిపొడి.’ అది మంగళవారమైనా నిజమే. షట్టర్ దించేముందు పలక తుడిచాకే గల్లా లెక్క చూడాలి. పొద్దున రాయడానికేమీ లేకపోతే ఖాళీగా ఉంచాలి.

ఇంకో పని కూడా చేశాం. విడిగా అమ్మే మిఠాయిల ట్రే మీద ఎప్పటిలోగా తినాలో తేదీ పెట్టాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 అక్టోబరు 1 నుంచి నియమం తెచ్చింది. ఈ కొట్టులో ఆ చీటీలు ఉండేవి, కానీ ట్రే వెనక, కొనేవాళ్ళకి కనబడకుండా. వాటిని ముందుకి తిప్పి, చేసిన తేదీ కూడా కలిపి రాయించాను. మాస్టారు మళ్ళీ వచ్చినప్పుడు పిన్నిగారే ఆ చీటీ చూపించి, “తేదీ చూసుకోండి మాస్టారూ” అన్నారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని నిజంగానే చదివారు.

ఇడ్లీ ముక్క

పొడి రుచి చూపించడంలోనూ మొదట తప్పటడుగే వేశాం. చెంచాతో పొడి చేతిలో పోశాం. గుంటూరు కారం, ఉత్త పొడి. ఒకాయనకి పొలమారి, కళ్ళలో నీళ్ళు తిరిగి, మేం మంచినీళ్ళ కోసం పరుగెత్తాం. పొడి ఎవరూ అలా తినరు. అన్నంలోకో ఇడ్లీలోకో నేతితో తింటారు. రుచి చూపించేటప్పుడు ఇంట్లో ఎలా తింటారో అలాగే చూపించాలని ఆ రోజు తెలిసొచ్చింది.

వీధి చివర సాయంత్రం టిఫిన్ బండి ఉంటుంది. రోజూ పది ఇడ్లీలు తెప్పించి, ఒక్కోటి ఆరు ముక్కలు కోసి, కందిపొడి, నెయ్యి అద్ది, పుల్ల గుచ్చి, మూత పెట్టిన డబ్బాలో ఉంచాం. కౌంటర్ మీద ఎవరికి వాళ్ళు తీసుకునేలా పెట్టలేదు. అలా పెడితే ఈగలు, పిల్లల చేతులు, ఎండిపోయిన ముక్కలు. పిన్నిగారే తీసి ఇస్తారు. ఎప్పుడంటే, అడిగింది కాటా మీద పెట్టి, తూకం సరిచేసే పని అమ్మాయికి వదిలి, ఆ అర నిమిషంలో. ‘అన్నీ ఉన్నాయండి’ బదులు చెప్పాల్సిన మాట కూడా అప్పుడే కుదిరింది: “సోమవారం కొట్టిన కందిపొడండీ. ఒక్క ముక్క చూడండి.”

ఒక్కసారే అడగాలి. వద్దంటే నవ్వి ఊరుకోవాలి, రెండోది చూపించకూడదు. ఈ విషయంలో నేను చాలా పట్టుగా ఉన్నాను. బట్టల కొట్టులో వెంటబడి చూపించినట్టు తిండి దగ్గర చేస్తే మనిషి మళ్ళీ గుమ్మం ఎక్కడు.

మధ్యలో పిన్నిగారు ఒక మాటన్నారు. “గవ్వలు కాస్త మిగిలిపోయాయి, వాటిని రుచి చూపిద్దామా? అయిపోతాయి.” ఏ కొట్టులోనైనా వచ్చే ఆలోచనే. నేను వద్దన్నాను. మిగిలిపోయింది రుచి చూపిస్తే, మన కొట్టు రుచంటే అదేనని ఊరికి చెప్పినట్టు. రుచి చూపించాల్సింది మన దగ్గర ఆ రోజుకి అన్నిటికన్నా బాగా కుదిరింది. పైగా కందిపొడిలో లాభం బాగుంటుంది, తూకానికి తేలిక, నెలకోసారి ఇంట్లో అయిపోయే సరుకు, మళ్ళీ రావాల్సిందే.

బెడిసికొట్టినది, అనుకోకుండా కలిసొచ్చినది

ఒక పచ్చడి, ఒక పొడి, పావుకేజీ జంతికలు కలిపి ‘కాంబో’ అని 20 రూపాయలు తగ్గించి పెట్టాం. రెండు వారాల్లో మూడే పోయాయి. ఎందుకని వద్దన్నవాళ్ళనే అడిగాను. ఒకరింట్లో వెల్లుల్లి తినరు, ఒకరికి గోంగూర పడదు. పచ్చడి, పొడి దగ్గర ప్రతి ఇంటికీ దాని నియమం ఉంటుంది. మూడు రకాలు మనం కట్టి ఇస్తే ఒకటి ఎప్పుడూ తప్పే అవుతుంది.

అదే జవాబు ఇంకో దారి చూపించింది. కార్తీకం రాబోతోంది, అయ్యప్ప మాలలు మొదలవుతాయి. ‘వెల్లుల్లి లేనివి’ అని రాసి ఒక అర మొత్తం విడిగా కేటాయించాం. కొత్తగా చేసింది వెల్లుల్లి వేయని కందిపొడి ఒక్కటే, మిగతావి ఎప్పుడూ ఉన్నవే, ఒకచోట చేర్చాం. అంతకుముందు ప్రతి సీసా చూపించి “దీంట్లో వెల్లుల్లి ఉందా?” అని అడిగే ఆడవాళ్ళు నేరుగా ఆ అర దగ్గరికే వెళ్ళారు. పచ్చళ్ళ సీసాల మీద కారం ఎంతో తెలిసేలా ఒకటి, రెండు, మూడు మిరపకాయల బొమ్మలు అంటించడం కూడా హాస్టల్ పిల్లలకి బాగా ఉపయోగపడింది. వేరే ఊళ్ళ నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండేవాళ్ళకి గుంటూరు పచ్చడంటే భయం. ఒక్క మిరపకాయ బొమ్మ ఉన్న సీసా చూసి ధైర్యంగా తీసుకుంటారు.

లెక్క

దసరా, దీపావళి అమ్మకాలు పక్కన పెట్టాను. వాటిని నా ఖాతాలో వేసుకుంటే అబద్ధమవుతుంది. కార్తీకంలో పండగ లేని సోమ, మంగళ, బుధవారాలు చూసుకుని, శివాలయాలకి వెళ్ళొచ్చే సోమవారం రద్దీ వేళ వదిలేసి, మళ్ళీ అదే స్టూల్ మీద కూర్చుని 100 బిల్లులు లెక్కపెట్టాను. ఒకే రకం ఉన్న బిల్లులు 68 నుంచి 45కి తగ్గాయి. పొడి లెక్క పొట్లాల్లో చూస్తే మోసపోతాం, ఎందుకంటే పావుకేజీ కొనేవాళ్ళలో కొందరు 100 గ్రాములకి దిగుతారు. అందుకే కేజీల్లో చూశాను. శ్రావణంలో ఆ మూడు సాయంత్రాలకి 11 పావుకేజీ పొట్లాలు, అంటే 2.75 కేజీలు. కార్తీకంలో 9 పావుకేజీలు, 43 చిన్న పొట్లాలు, అంటే 6.55 కేజీలు. వచ్చిన మనుషుల సంఖ్య మాత్రం దాదాపు అంతే. వెల్లుల్లి లేని పొడికి మాసం కలిసొచ్చింది కాబట్టి ఈ పెరుగుదల అంతా మా పని వల్లేనని అనను. మాఘంలో మళ్ళీ కూర్చుని లెక్కపెడతాను.

పలక, బల్బులు, లేబుళ్ళు, పళ్ళెం, ధరల చీటీలు అన్నీ కలిపి ఒకసారి పెట్టిన ఖర్చు 2,900 రూపాయలు. ఇడ్లీలు, నెయ్యి రోజువారీ ఖర్చు.

ఇంకా కుదరనిది మధ్యాహ్నం. పన్నెండు నుంచి నాలుగు దాకా కొట్టు ఖాళీగానే ఉంటోంది, అప్పుడు ఇడ్లీ ముక్కలు కూడా ఉండవు. వేడన్నం ముద్దతో చూద్దామని పిన్నిగారి ఆలోచన, ఇంకా మొదలుపెట్టలేదు. ఫ్లెక్సీ మాట బాబాయిగారు మళ్ళీ ఎత్తలేదు. మొన్న వెళ్ళినప్పుడు గోడకి రెండో పలక కనబడింది. నన్నడక్కుండానే కొన్నారు. దాని మీద సంక్రాంతి అరిసెల ఆర్డర్లు ఏ తేదీ దాకా తీసుకుంటారో ఆయనే రాశారు, కొంచెం వంకర అక్షరాలతో. ఇదివరకు వారానికొకసారి కొట్టే కందిపొడి ఇప్పుడు రెండుసార్లు కొడుతున్నారు. అందుకని మొదటి పలక మీద సోమవారం తుడిచేసి అమ్మాయి గురువారం అని రాస్తోంది.